గోడవార హాప్స్ తీగ

వ్లస్తా చేతులు మోచేతుల దాకా గీతలే. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగకు ఒళ్ళంతా సన్నటి ముళ్ళు. చెక్ దేశంలోని జాటెట్స్ ఊరి తోటల్లో ముప్పయ్యేళ్ళు ఆ తీగను కోసిన చేతులవి. కోపమొస్తే చేతికందినదానితో కొట్టడం ఆమెకు అలవాటు: కోడిని చీపురుతో, మొరాయించిన పంపును సుత్తితో. భర్త చనిపోయిన ఏడాదే అతను పనిచేసిన హాప్స్ తోటను యంత్రాలు పెకలిస్తుంటే, ఒక వేరు తెచ్చి పెరటి గోడవార నాటింది. రోజూ పొద్దున్నే తీగల కొసలను పందిరి దారాలకు ప్రదక్షిణంగా చుట్టేది. "మొదటి ఏడు ఏం కాస్తుంది వదినా, ఎందుకీ చాకిరీ?" అని పక్క వాటాలోని మరిది రాదిమ్ నవ్వేవాడు. "మొదటి ఏడు వేరు ఊనుకోవడానికిరా. నువ్వు నోర్మూసుకో" అనేది.

జూలైలో, తన కిటికీకి వెలుతురు రావడం లేదని రాదిమ్ తాగొచ్చి కొడవలితో రెండు తీగలు నరికేశాడు. మూడోది పట్టుకునేలోగా వ్లస్తా పందిరి గుంజ పెరికి ఆ చేతిమీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. అతను కూలబడ్డా ఆమె ఆగలేదు. వీపు మీద, భుజాల మీద, గుంజ విరిగేదాకా కొట్టింది. "చంపేస్తావా వదినా! తీగే కదా, మళ్ళీ మొలుస్తుంది!" "అది మొలుస్తుంది. నీ చెయ్యి మొలవదురా!" ఆస్పత్రిలో రాదిమ్ నిచ్చెన మీంచి పడ్డానని చెప్పాడు. తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. సెప్టెంబరులో మిగిలిన తీగకు నాలుగే పూలు పూశాయి. వ్లస్తా ఒకటి కోసి, అరచేతిలో నలిపి, అతని ముక్కు దగ్గర పెట్టింది. దెబ్బకు జడిసినట్టు తల వెనక్కి లాక్కోబోయి అతను ఆగిపోయాడు.

"అన్నయ్య చొక్కా వాసన..." అన్నాడు.

ఆమె చెయ్యి తీయలేదు.