ఎగశ్వాస చెప్పే లక్ష్మీనరసమ్మ

రామతీర్థం నుంచి విజయనగరం వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళో లక్ష్మీనరసమ్మ పిలవకుండా ఎవరింటికైనా వెళ్ళిందంటే ఆ ఇంటివాళ్ళ గుండె జారిపోయేది. నాలుగు పచ్చిమిరపకాయల కోసం వచ్చినా సరే, ముసలివాళ్ళు మంచం మీద లేచి కూర్చుని, మేం బాగానే ఉన్నామని ముందుగానే చెప్పుకునేవాళ్ళు. ఆవిడ నవ్వేసేది. పాపం, మనిషి చెడ్డది కాదు. రెండు గేదెలు, పెరట్లో చిక్కుడుపాదు, అందరితోనూ మంచిమాట. కానీ ఊరు ఆవిడకొక పని అప్పగించింది.

ప్రాణం పోయేముందు వచ్చే ఎగశ్వాస ఎప్పుడు మొదలైందో చెప్పడం ఆ పని. పోయేవాళ్ళు ఇంట్లో పోకూడదు. ధనిష్ఠలాంటి చెడ్డ నక్షత్రంలో పోయారంటే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టి, పిల్లా పాపా, గొడ్డూ గోదాతో సహా వేరేచోటికి పోవాలి. అందుకని ప్రాణం పోకముందే మనిషిని మంచం మీంచి ఎత్తి, వీధి అరుగు మీద చాప వేసి, వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో తులసినీళ్ళు పోస్తారు. మరీ ముందే దింపితే బతికున్నవాణ్ణి వీధిలో పడేశారని లోకం ఆడిపోసుకుంటుంది. ఆలస్యమైతే ఇల్లు పాడు. ఆ రెంటి మధ్య గడియ పట్టుకోవడం లక్ష్మీనరసమ్మకే తెలుసని అందరి నమ్మకం. అత్తగారి వెంట తిరిగి నేర్చుకుంది. లోపలికి పోయే ఊపిరిని ఆవిడ పట్టించుకోదు, బయటికొచ్చే ఊపిరినే వింటుంది. అది సాగి సాగి, గొంతులో గీరుకుంటూ వచ్చి, డొక్కలు ఎగదన్ని, భుజాలు పైకి లేచాయంటే మెల్లగా దించమంటుంది. ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. దించినవాళ్ళెవరూ మళ్ళీ లేవలేదు గనక, తప్పిందని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు.

ఆవిడ ఆ మాట అనగానే ఇంటివాళ్ళు ఏడుపు అందుకునేవాళ్ళు. ఏడుస్తూనే, పైకి చెప్పుకోరు గానీ, హమ్మయ్య అని ఊపిరి వదిలేవాళ్ళు. ఇల్లు దక్కింది కదా మరి.

ఆవిడ భర్త అప్పలసూరి చాలా ఏళ్ళు జూట్ మిల్లులో నార దులిపాడు. ఆ ధూళి చాలదన్నట్టు పొద్దస్తమానం చుట్ట కాల్చాడు. మొదట దగ్గు వచ్చింది. తరవాత ఛాతీలో పిల్లికూతలు, ఆ పైన నాలుగడుగులు వేస్తే ఆయాసం. చుట్ట మానెయ్యమని పెళ్ళాం పోరితే పెద్దగా నిట్టూర్చేవాడు. రానురాను ఆ నిట్టూర్పు కూడా సగంలో తెగిపోవడం మొదలుపెట్టింది.

హుదూద్ తుఫాను వెళ్ళిన నెలకి ఆవిడ ఆయన్ని విజయనగరం తీసుకెళ్ళింది. డాక్టరు సుహాసిని ఒక గొట్టం ఆయన నోట్లో పెట్టి గట్టిగా ఊదమంది. ఊదలేక కళ్ళు తేలేశాడు. గాలి పీల్చుకోవడం కాదు, వదలడమే ఈయనకి కష్టంగా ఉందని డాక్టరు ఓపిగ్గా చెప్పింది. పాతగాలి లోపలే నిలిచిపోతే కొత్తగాలికి చోటు ఉండదు. ఆయాసం ఎక్కువైనప్పుడు కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, పొయ్యి ఊదినట్టు పెదాలు బిగించి మెల్లగా ఊదమనాలి. ఎట్టి పరిస్థితిలోనూ వెల్లకిలా పడుకోబెట్టకూడదు. లక్ష్మీనరసమ్మ అన్నిటికీ తలూపింది. ఆ మాటలకీ తను చేసే పనికీ ఏమైనా సంబంధం ఉంటుందని ఆవిడకి తోచలేదు. పీల్చే మందు కొనుక్కుని, కోట దగ్గర దొండకాయలు బేరమాడి తెచ్చుకుంది.

మార్గశిరంలో ఒకరోజు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే అప్పలసూరికి ఆయాసం ఎత్తుకుంది. మందు పీల్చినా తగ్గలేదు. ఆవిడ ఆటోకి ఫోన్ చేసింది, బయల్దేరానన్నాడు. ఈలోగా అప్పలసూరి తమ్ముడు ఎర్రన్న వచ్చాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, మధ్యలో గోడ. ఎర్రన్న కోడలికి నెలలు నిండాయి. అన్న భుజాలు ఎగరడం చూసి బయటికెళ్ళి పంతులుగారికి ఫోన్ చేసి వచ్చాడు. వాకిట్లో జనం పోగయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ లక్ష్మీనరసమ్మ ముఖంలోకే చూస్తున్నారు.

ఆవిడ వంగి భర్త వీపుకి చెవి ఆనించింది. అదే ఊపిరి. సాగుతోంది, గొంతులో గీరుకుంటోంది, డొక్కలు ఎగదన్నుతున్నాయి. ఎన్ని ఇళ్ళలో విన్నదో అచ్చం అదే. దించమనే మాట నాలుక చివరికి వచ్చేసింది. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆవిడకి ఒళ్ళు జలదరించింది.

"సెప్పు వొదినా," అన్నాడు ఎర్రన్న. "ధనిష్ఠ వచ్చీసినాది. ఇంట్లో నెలలు నిండిన పిల్లున్నాది."

ఆవిడ తలెత్తి చూసింది. అప్పలసూరి మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు బిగించి, డాక్టరు చెప్పినట్టు ఊదాలని నానా తంటాలూ పడుతున్నాడు. పోయేవాడికి ఆ యావ ఉండదు.

"దించొద్దు," అంది. "ఇది ఎగశ్వాస కాదు."

జనం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడ పక్కన నిలబడి వాళ్ళూ విన్నారు. ఏ గుర్తు తరవాత ఏ గుర్తు వస్తుందో అందరికీ కంఠతా వచ్చు. "మాకూ ఇనపడతన్నాది కదా," అన్నాడు ఎర్రన్న, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. అన్నంటే వాడికి ప్రాణం. ఏడుస్తూనే అన్న చంకల కింద చేతులు వేశాడు. మరో ఇద్దరు కాళ్ళు పట్టారు.

అరుగు మీద, చల్లటి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టేసరికి అప్పలసూరి ఊపిరి టక్కున ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో తులసినీళ్ళ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చారు. లక్ష్మీనరసమ్మ ఆ గ్లాసు లాక్కుని విసిరికొట్టింది. భర్త వెనక చేరి, రెండు చేతులతో లేపి కూర్చోబెట్టి, తన ఛాతీతో ఆ వీపుని ముందుకు నెట్టింది. పొయ్యి ఊదినట్టు ఊదమని చెవిలో చెబుతూ తనూ ఊదింది. కాసేపటికి సన్నగా గాలి కదిలింది. జనం అడ్డు రాలేదు, సాయమూ రాలేదు. మొగుడి మీద మమకారం కొద్దీ మతి తప్పిందనుకుని, అయ్యేది అవుతుందని చుట్టూ కూర్చుని చూశారు. ఆటో వచ్చేదాకా ఆవిడ ఆ మనిషిని వదల్లేదు.

పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అప్పలసూరి బతికాడు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఆవిడ గంజి తాగిస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ రోజు మాటాడనేకపోనాను గానీ అన్నీ ఇనపడ్డాయే," అన్నాడు. "ధనిష్ఠ అన్న మాటా ఇనపడ్డాది. నువ్వు నా ఈపుకి సెవెట్టి ఆగిపోనావు. ఏటి సెప్తావోనని నేను కాసుకోని ఉన్నాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కిందటేడు తను దించమన్నప్పుడు ఆ ఊరి గంగులు కూడా మంచం పట్టె వదల్లేదు. ఆశ చావడం లేదు పాపం అంటూ అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది తనే. ఆ వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి. అప్పుడు గంగులు చెవుల్లో కూడా తన మాట పడి ఉంటుంది.

ఆ సాయంత్రమే ఎర్రన్న తలారా స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. వెనకవీధి ముసలి లక్ష్మణమ్మ పోయిందని చెప్పాడు. "నీకు మనసు బాగోనేదని పిలవనేదు వొదినా. నేనే ఇని దించీమన్నాను."

దించేటప్పటికి ముసల్ది పడుకుని ఉందా, కూర్చుని ఉందా అని లక్ష్మీనరసమ్మ అడిగింది.

"కూకునే ఉన్నాది," అన్నాడు ఎర్రన్న. "పడుకోబెట్టడానికి ముగ్గురం పట్టినాం."