ఎంట ఒచ్చినోడు

జంగయ్యకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు: ఎవరు ఎక్కడికి బయల్దేరినా వెంట వెళ్ళడం. ఎల్బీనగర్‌లో ఆయన ఉండే గల్లీ అంతా ఆ మాటే చెప్పేది. గేటు చప్పుడైతే చాలు, అరుగు మీద కూర్చున్న ఆయన కాళ్ళు వాటంతటవే చెప్పులు వెతుక్కునేవి. "ఆగు, నేను గూడ ఒస్తా" అనేవాడు. ఎక్కడికో కనుక్కోవడం దారిలో పని.

హయత్‌నగర్ డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బతుకంతా తిరిగినవాడికి ఇంట్లో కూర్చోవడం చేతకావడం లేదని గల్లీ తీర్మానించేసింది.

గల్లీలోని ఆనంద్ కుమార్ పన్ను పీకించుకోవడానికి వెళ్తే వెంట వెళ్ళాడు. డాక్టరు "నోరు తెరవండి" అనగానే ఆనంద్ కంటే ముందు తనే తెరిచాడు. "మీరేమవుతారు?" అని డాక్టరు అడిగితే, "ఎంట ఒచ్చినోన్ని" అన్నాడు, తెరిచిన నోరు మూయకుండానే.

అదే గల్లీ రాజు పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల తండ్రి మొదటి చాయ్ ఈయనకే ఇచ్చి, "పిల్లగానికి మీరేమైతరు?" అని అడిగాడు. "ఎంట ఒచ్చినోన్ని." అది మేనమామ వరసా, పెదనాన్న వరసా తేలక ఆడపెళ్ళివాళ్ళు లోపలి గదిలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

అంతెందుకు, గల్లీలో సైకిలు దొంగ దొరికితే పోలీస్ స్టేషన్ దాకా ఆ దొంగ వెంట కూడా వెళ్ళాడు. దారిలో వాడికి చాయ్ తాగించాడు. "నువ్వెవడివి?" అని ఎస్సై అడిగినప్పుడు ఈయన ఇచ్చిన జవాబు మీకు తెలుసు. ఆ జవాబు పుణ్యమా అని సాయంత్రం దాకా దొంగ పక్కనే బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఇలాంటి మనిషి కంట పడకూడదనే ఆ రోజు పక్కింటి సాధన పిల్లిలా గేటు తీసింది. మధ్యాహ్నం మూడింటికి ఆమెకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఉంది. డిగ్రీ అయ్యాక ఎన్ని కంపెనీలకు పెట్టుకున్నా, ఆఖరి రౌండు దాకా వచ్చిన మొదటి ఉద్యోగం ఇదే. తీరా లాప్‌టాప్ తెరిస్తే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉండిపోయింది. ఆపి మళ్ళీ వేసింది. ఛార్జరు పీకి మళ్ళీ పెట్టింది. వేలు నొప్పెట్టేదాకా బటన్ నొక్కి పట్టుకుంది. ఏం లాభం లేదు. పోనీ ఫోన్‌లో కానిద్దామంటే కుదరదు. వాళ్ళిచ్చిన లెక్కలు తెర మీద చేసి చూపించాలి. మలక్‌పేట దవాఖానలో డ్యూటీలో ఉన్న తల్లి ఎస్తేరమ్మకు ఫోన్ చేస్తే, "ప్రార్థన చేసుకొని రిపేరు షాపుకు పో బిడ్డా" అంది.

"ఎటు బిడ్డా?" అరుగు మీద నుంచి వినిపించనే వినిపించింది.

"దిల్‌సుఖ్‌నగర్ తాతా. లాప్‌టాప్ ఖరాబైంది. అర్జంటు. నువ్వేం రాకు..."

"అర్జంటంటే ఒక్కదానివే ఎట్ల పోతవ్? ఆగు, నేను గూడ ఒస్తా."

మెట్రో ఎక్కగానే జంగయ్య పాత అలవాటు కొద్దీ "లోపలికి జరగాలె, లోపలికి జరగాలె" అని కేకేశాడు. జనం నిజంగానే జరిగారు. ఆ దొరికిన జాగాలో సాధనను నిలబెట్టి, విచారణ మొదలుపెట్టాడు.

"దానికేమైంది?"

"ఆన్ అయితది తాతా. ఏం కనబడది."

"అంటే ఊపిరాడుతుంది, కండ్లు తెరుస్తలేదు."

"ఊఁ."

"జొరమేమన్న ఉందా?" అంటూ ఆమె భుజాన ఉన్న బ్యాగు మీద చెయ్యి తిప్పి పెట్టి చూశాడు. "జర ఎచ్చగనే ఉంది."

సాధనకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

షాపు మూడో అంతస్తులో ఉంది, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య. లిఫ్టు పనిచేయడం లేదు. జంగయ్య మెట్టు మెట్టుకూ ఆగి, ఆ ఆగిన చోటల్లా గోడ మీద ఏదో ఒక బోర్డు పైకి చదువుతూ ఎక్కాడు.

షాపతను మహేష్ గుంటూరు వైపు మనిషి. "తాతగారాండీ?" అని అడిగాడు.

"ఎంట ఒచ్చినోన్ని."

మహేష్ లాప్‌టాప్ వెనక మూత విప్పాడు, బ్యాటరీ తీసి పెట్టాడు, లోపలి ముక్కలు తుడిచి బిగించాడు. తెర నల్లగానే ఉంది. అప్పుడు ఫోన్‌లో టార్చి వేసి తెర మీద ఏటవాలుగా పట్టుకున్నాడు. "ఇలా చూడండి." ఆ నలుపులో సాధన పేరు నీడలా కనిపించింది. "కంప్యూటరు శుభ్రంగా ఉందండీ. తెర వెనకాల వెలగాల్సిన లైటు పోయింది. తెర మార్చాలి. రేపు సాయంత్రానికి తెప్పిస్తాను."

"రేపా?" సాధన గోడ గడియారం వైపు చూసింది. రెండున్నర దాటింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మహేష్ అది చూశాడు. "ఇప్పటికి ఈ మానిటర్ తగిలిస్తానండీ. మీ లాప్‌టాప్‌లోది దీంట్లో కనబడుతుంది, ఇక్కడే కూర్చుని కానిచ్చేయండి. కాకపోతే వచ్చే పోయే జనంతో గోలగా ఉంటుంది మరి."

"జనం సంగతి నాకిడిసిపెట్టు" అని జంగయ్య లేచాడు.

అట్టపెట్టె మీద మానిటరు, దాని ముందు లాప్‌టాప్, ఆ ముందు సాధన. ఇంటర్వ్యూ మొదలైంది. ఆమెకు తెలిసిందల్లా మెట్ల మీద చెప్పుల చప్పుడు రావడం, ఒక గుసగుస, మళ్ళీ ఆ చప్పుడు కిందికి దిగిపోవడం. జరిగిందేమిటో తర్వాత మహేష్ చెప్పాడు. ప్రింటరు మోసుకొచ్చిన ఒకాయన "ఇంకా ఎన్నిసార్లు తిప్పుతరయ్యా!" అని గొంతు పెంచబోతే, జంగయ్య ఆ ప్రింటరు తనే అందుకున్నాడట. "లోపట పిల్ల నౌకరి పరీక్షల కూసున్నది. పా, కింద చాయ్ తాగుదాం. నేను గూడ ఒస్తా." వచ్చినవాళ్ళందరినీ అలాగే కిందికి దించి వచ్చాడు. "నా కస్టమర్లంతా చాయ్ బండి దగ్గరే ఉన్నారండీ! నా షాపు ముందు ఎప్పుడూ అంతమంది నిలబళ్ళేదు" అన్నాడు మహేష్.

మధ్యలో ఒకసారి ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అడిగింది: "మీ వెనక తలుపు దగ్గర ఎవరో ఉన్నారు?"

సాధన తిరిగి చూసింది. జంగయ్య చెమటతో తడిసి, తలుపు చట్రం పట్టుకొని ఆయాసపడుతున్నాడు. నోటి మీద వేలుంది.

"నా వెంట వచ్చారండీ" అంది సాధన.

"మంచిది. తర్వాతి లెక్క చూద్దామా?" అందావిడ.

వారం తర్వాత ఉద్యోగం ఖాయమైనట్టు మెయిలొచ్చింది. సాధన స్వీట్ డబ్బా పట్టుకొని జంగయ్య ఇంటికి వెళ్తే ఆయన మంచం మీద ఉన్నాడు. భార్య ముత్తమ్మ ఆయన మోకాళ్ళకు నూనె రాస్తోంది.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏమైతది? ఆ దినం నీ ఎంట ఒచ్చి ఎన్ని మెట్లెక్కిండో ఏమో, అప్పటి సంది గిట్ల ఉబ్బినయ్. నౌకరి చేస్తున్నప్పటి నుంచే ఉన్నయ్ గీ నొప్పులు. కూరగాయలకు పోదాం పా అంటే మోకాళ్లంటడు. ఎవరన్న మొకం చిన్నగ చేసుకొని గేటు తీస్తే మాత్రం చెప్పులేసుకుంటడు."

సాధన ఆలోచిస్తే నిజమే. సినిమాకు వెళ్ళేవాళ్ళ వెంట ఆయన వెళ్ళగా ఎవరూ చూడలేదు.

"ఎందుకు తాతా?"

జంగయ్య సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు. "గన్నేండ్లు బస్సుల టికెట్లు గొట్టిన బిడ్డా. దవాఖాన కాయితాలు పట్టుకొని ఒక్కలే ఎక్కేటోళ్లు. కండ్లల్ల నీళ్లు. టికెట్టిస్తుంటి. ఆళ్ల స్టాపు రాంగనె దిగిపోతుండిరి. నాకేమో ఆళ్ల ఎంట దిగరాకపోతుండె, డ్యూటీ గద." ఇటు తిరిగి డబ్బాలోంచి ఒక లడ్డూ తీసుకున్నాడు. "గిప్పుడు దిగుతున్న."

ముత్తమ్మ చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె కూడా అప్పుడే వింటున్నట్టుంది. అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది.

"దిగు, ఎవరొద్దన్నరు?" అంది చివరికి. "లిఫ్టున్న కాడ దిగరాదు?" అని మోకాలి మీద ఒక్కటేసింది.

జంగయ్య "అబ్బా!" అని, ఆ నొప్పి వంకతో రెండో లడ్డూ అందుకున్నాడు.