రెల్లు పిట్టలు రాని ఏడు

తఫీదా నోటికి జడిసి సరస్సు మీద కొంగలు కూడా పక్కకు తప్పుకుంటాయని ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో కొంత నిజముంది. మొగుడు మహ్రూస్ వల విసురుతుంటే తెడ్డు వేసింది ఆవిడే, ఒడ్డుకొచ్చాక చేపల బేరగాళ్ళను కడిగిపారేసింది ఆవిడే. మహ్రూస్ మెతక మనిషి. ఆవిడ తిడుతుంటే హాయిగా నవ్వుతూ వినేవాడు. పిల్లలు కలగలేదు. ఆయన పోయాక తిట్టడానికి మనిషి లేక, ఆ నోరంతా పిట్టల మీదకు మళ్ళింది. పొద్దున్నే ఇంటి వెనక రెల్లు దగ్గర నిలబడి, "ఏమర్రా, ఇంకా నిద్ర తీరలేదా మహారాజులకి" అని మొదలెట్టేది. అవి కిచకిచమని జవాబు చెప్పేవి. ఇంట్లో జవాబు చెప్పే దిక్కు లేని మనిషికి అదేమీ చిన్న సంగతి కాదు.

ఎడారి అంచున ఉన్న ఆ సరస్సును పార్కు చేశాక, చలికాలం శుక్రవారాల్లో జనాన్ని తిప్పి పిట్టల్ని చూపించే పని ఆవిడకే వచ్చింది. చూపించడమని పేరేగాని, నిజానికి అది వినిపించడం. బాతులు ఎవరికైనా కనిపిస్తాయి. తఫీదా గొప్పంతా రెల్లు పిట్టల్లో ఉంది. అవి గుప్పిట్లో పట్టేంత ఉంటాయి. ఖర్జూరం కోతలయ్యాక చలిదేశాల నుంచి వచ్చి రెల్లులో దూరితే, తిరిగి వెళ్ళేదాకా మొహం చూపించవు. గొంతు మాత్రం వినిపిస్తాయి. ఆవిడ చెయ్యెత్తితే గుంపంతా ఊపిరి బిగబట్టేది. "అదిగో, అది కుర్రకుంక. ఇంకా పాట పట్టుబడలేదు. ఆ రెండోది పెళ్ళాం మీద పెత్తనం చేస్తోంది" అని ఆవిడ చెబుతుంటే కైరో జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వేవారు.

పోయిన ఏడే అవి పలచబడ్డాయి. ఈ ఏడు అసలు రాలేదు.

తఫీదా రోజూ వెళ్ళి చూసింది. బాతుల అరుపులు వినిపిస్తున్నాయి. పడవ ఇంజన్లు వినిపిస్తున్నాయి. అవతలి ఒడ్డు మసీదులో అజాన్ వినిపిస్తోంది. రెల్లు మాత్రం నోరు మూసుకుంది. ఆవిడకు దిగులొచ్చినా కోపం రూపంలోనే వస్తుంది. "మీరు కూడానా? ఏం పాపం చేశానని నన్నిలా వదిలేశారు" అని ఖాళీ రెల్లును కడిగేసి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చేది.

పార్కు ఆఫీసరు వగ్ది మర్యాదస్తుడు, కుర్రవాడు, ఆవిడను పిన్నిలా చూసేవాడు. ఒక వారం మధ్యలో వచ్చి నసిగాడు.

"ఖాలా, పిట్టలు లేవని నువ్వే చెబుతున్నావు. వచ్చినవాళ్ళు బాతుల్ని చూసి పోతున్నారు. బాతుల కోసం ఇంత దూరం ఎందుకు, బజారుకెళ్తే ఈకలు పీకి మరీ చూపిస్తారు. ఈ శుక్రవారం కూడా ఇంతే అయితే నడకలు ఆపేయమంటున్నారు పైవాళ్ళు."

"లేనివాటిని నేనెక్కణ్ణించి తేను? గుడ్లు పెట్టి పొదగనా?"

వగ్ది నవ్వుతూ వెళ్ళిపోయాడు. తఫీదాకు నవ్వు రాలేదు. శుక్రవారం నడక పోతే ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడే మనిషే ఉండడు. ఈ సంగతి వగ్దికి తెలియదు, చెప్పడానికి ఆవిడకు అభిమానం అడ్డం.

శుక్రవారం వచ్చింది. తూబా నెల చలి పడుచుపిల్లను ముసలమ్మను చేస్తుందని అక్కడి సామెత. ముసలమ్మల్ని ఏం చేస్తుందో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు. తఫీదా రెండు శాలువాలు కప్పుకుని గేటు దగ్గర నిలబడింది. కైరో నుంచి కాలేజీ పిల్లలు కొందరు, ఒక మొగుడూ పెళ్ళాం మినీబస్సు దిగారు. వాళ్ళ వెనక చేతికర్రతో తడుముకుంటూ ఒక పెద్దాయన దిగాడు. ఫయ్యూం టౌన్‌లో జీవితమంతా ఖురాన్ పఠించిన షేక్ దస్సూకీ. చిన్నప్పుడే చూపు పోయింది.

"పిట్టల్ని చూడ్డానికొచ్చారా మౌలానా?" అనేసి తఫీదా నాలుక కరుచుకుంది.

"చూడ్డానికి వీళ్ళంతా ఉన్నారుగా చెల్లెమ్మా. నేను వినిపోతాను."

పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోవడం బాగుండదు. అందుకని చేతికర్ర ఒక కొస ఆయన, రెండో కొస ఆవిడ పట్టుకున్నారు. ఆవిడ ముందు, ఆయన వెనక, ఇసుక బాట మీద నడిచారు. రెల్లు దగ్గర ఆవిడ ఆగింది.

"ఇక్కడే ఉండేవి. ఈ ఏడు రాలేదు. ఎవరి దిష్టి తగిలిందో ఏమో" అంది.

కాలేజీ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దావిడ, ఈ చోటు ఎరిగిన మనిషి, ఆవిడ చెప్పే పిట్టలు వేరేమో అనుకున్నారు.

షేక్ నవ్వాడు.

"భలేదానివే చెల్లెమ్మా. మా ఉస్తాదూ ఇంతే. కావాలని ఖురాన్ ఆయతు తప్పు చదివి, మాలో ఎవడు పట్టుకుంటాడా అని చూసేవాడు. పట్టుకోకపోతే అరికాళ్ళ మీద బెత్తం. నేను పట్టేశాను, నన్ను కొట్టకు. నీ కుడిపక్క, మోకాలెత్తులో ఒకటుంది. దాని వెనక ఇంకోటి దాన్ని వెక్కిరిస్తోంది. గేటు దగ్గర్నుంచీ మనల్ని ఆడిపోసుకుంటూనే ఉన్నాయిగా."

తఫీదా కుడిపక్కకు చూసింది. గాలి లేదు. అయినా ఒక రెల్లు కాడ కొస వణుకుతోంది. పక్కన కాలేజీ పిల్ల అటే చూస్తూ, కళ్ళు సగం మూసుకుని, తల పక్కకు వాల్చి వింటోంది. తఫీదాకు మాత్రం ఏమీ వినిపించలేదు. పిట్టలు రాకపోవడం కాదు. లావు గొంతులన్నీ మిగిలి, సన్నగొంతులు ఒక్కొక్కటే తన చెవులు దాటిపోయాయి. ఊరందరి గుట్టూ ఎరిగిన మనిషికి తన గుట్టు తనకే తెలియలేదు. ఆవిడ కర్ర కొసను బిగించి పట్టుకుంది. రెండో కొసన షేక్ చేతికి ఆ బిగింపు తెలిసింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

గొంతు సవరించుకున్నాడు. వయసు మీదపడి పై స్థాయి అందకుండా పోయాక, అదే వరసను కిందికి దించుకుని చదవడం ఆయనకు అలవాటే. ఇప్పుడు ఆ పిట్ట కూతను అలాగే దించాడు. ముసలి బొంగురు గొంతులోంచి, ఛాతీ లోపల్నుంచి, రెల్లు పిట్ట కూసింది. పిల్లలు నవ్వబోయి మానేశారు.

తఫీదాకు అది వినిపించింది. రెండు మెలికలు, ఆపైన ఒక విరుపు. ఆ విరుపు దగ్గర తడబాటు. ఎక్కడున్నా గుర్తుపడుతుంది ఆవిడ.

"కుర్రది" అంది. "ఇంకా... పట్టుబడలేదు దానికి."

"మరి ఇదో?" అని షేక్ ఇంకోటి పాడాడు.

"అది ఆ పెత్తందారు మొగుడు. కాస్త నెమ్మదిగా పాడండి మౌలానా, అదంత తొందరపడదు."

అలాగే నడక సాగింది. ఆయన దించి పాడటం, ఆవిడ ఇంటిపేరుతో సహా చెప్పడం. జనం అదంతా ముందే అనుకుని చేసిన వేడుకనుకున్నారు. చివర్లో చప్పట్లు కొట్టారు. అంత బాగా ఏ శుక్రవారమూ జరగలేదు.

గేటు దగ్గర టీ తాగుతూ తఫీదా మెల్లిగా అంది.

"రెండేళ్ళుగా వాటిని తిడుతున్నాను మౌలానా, నన్ను వదిలేశారని. అవేమో నా పక్కనే కూర్చుని పాడుకుంటున్నాయి. ఎంత ఒంటరిగా ఏడ్చానో."

"నాకు చూపు పోయిన రోజు నేనూ అలాగే పోట్లాడాను చెల్లెమ్మా. దీపం ఎందుకు వెలిగించలేదని మా అమ్మ మీద విరుచుకుపడ్డాను."

"ఆవిడేమంది?"

"నూనె అయిపోయింది నాయనా అంది. మర్నాడడిగినా అదే అంది. ఆ మర్నాడూ అదే."

మినీబస్సు వచ్చింది. ఆయనకు ఈ ప్రయాణమే ఎక్కువ, వారంవారం రాలేడని ఆవిడకు అడక్కుండానే తెలుసు. ఆయన వెళ్ళిపోయాడు.

వగ్ది వచ్చి, "ఏం ఖాలా, ఈసారైనా వచ్చాయా?" అని అడిగాడు.

రాలేదంటే సరిపోయేది. నడకలు ఆగిపోతాయి, ఆవిడ చెవుల సంగతి ఎవరికీ తెలియదు, పరువు నిలుస్తుంది. వచ్చాయంటే వచ్చే శుక్రవారం ఏం మొహం పెట్టుకుని చెయ్యెత్తుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. తఫీదా కాసేపు గాజు గ్లాసును అటూ ఇటూ తిప్పింది. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళని రాలేదని ఇంకా ఎన్నాళ్ళని అనడం?

"వచ్చాయి బాబూ. ఏటా వస్తూనే ఉన్నాయి. పోయింది నా చెవులు. నడకలు ఆపకు. చెవులున్నదాన్ని ఎవర్నైనా పెట్టుకో."

"అదేంటి ఖాలా, అలా అంటావు..."

"నా చెవులే పోయాయిరా, నీవి ఉన్నాయిగా. చెప్పింది చెయ్యి."

వగ్ది ఊరుకోలేదు, చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడ పెట్టిన మెషీన్‌లో గ్లాసుల చప్పుడూ బస్సుల చప్పుడూ నెత్తిమీద పడ్డట్టు వినిపించాయి. రెల్లు మాత్రం వినిపించలేదు. ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పడేసింది.

తూబా వెళ్ళి అమ్‌షీర్ నెల గాలులు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన అమ్మాయి రబాబ్ శుక్రవారం జనాన్ని తీసుకుని అటుగా వచ్చింది. తఫీదా బోర్లించిన పడవ మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. గుంపు రెల్లు దగ్గర ఆగింది. అందరి మొహాలూ ఒక్కసారిగా మెత్తబడ్డాయి. పాడుతున్నాయన్నమాట. ఆవిడ చెయ్యి ఆపి, ఆ మొహాల్నే చూస్తూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

గుంపులోంచి ఒక పడుచు పిల్ల వెనకబడి, చెప్పులో ఇసుక దులుపుకుందామని పడవ మీద ఆవిడ పక్కనే కూర్చుంది.

"ఎంత బాగా కూస్తున్నాయో ఖాలా. మీ ఇల్లిక్కడేనా? రోజూ వింటూ ఉంటారు కాబోలు, పెట్టి పుట్టారు."

తఫీదా ఒక చిక్కుడుకాయ తీసి ఒలిచింది.

"ఔనమ్మా" అంది. "పొద్దున్నే నన్ను లేపేది అవే."