నూకరాజు గారి సుద్దగీత

కొత్త పాలిష్ వాసన, దాని మీద అగరొత్తుల వాసన. ఈ రెండూ కలిసి ఒక పాత కారులోంచి వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన నెల మా అమ్మాయి వాణి సెకండ్‌హ్యాండ్ కారు కొంటానంటే గోపాలపట్నం దగ్గర, హైవే పక్కనున్న షోరూముకి వెళ్ళాం. అద్దాల గది, ఏసీ, చేతికి చల్లటి నీళ్ళసీసా. తెల్లకారు తలుపు తెరవగానే ఆ వాసన గుప్పుమంది. నేను వంగి తలుపు కింది రేకు మీద వేలి కణుపుతో కొట్టాను. టై కట్టుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి, "మేడమ్, అలా కొట్టకండి ప్లీజ్, బాగుండదు. కస్టమర్లు చూస్తన్నారు" అన్నాడు. బాగుండదట! సరిగ్గా ఈ మాటే నలభై ఏళ్ళ పైచిలుకు క్రితం నేను ఒక పెద్దాయనతో అన్నాను.

ఆయన పేరు నూకరాజు. డెబ్బయిల చివర గోపాలపట్నంలో మేం అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆయనది. ఓడల మరమ్మతు యార్డులో పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నీళ్ళలోంచి పైకి తీసిన ఓడ పొట్ట కింద నిలబడి, చిన్న సుత్తితో ఒక్కొక్క రేకునూ తట్టి చప్పుడు వినడం ఆయన పని. గట్టి రేకు ఖంగున పలుకుతుంది, తుప్పు తిని పలచబడ్డది మొద్దుగా పలుకుతుంది. పలచబడ్డ చోట సుద్దముక్కతో సున్నా చుట్టేవారు. ఆ రేకు కోసి కొత్తది వేసేదాకా ఓడ నీళ్ళలోకి దిగదు. "ఆ గీత ఎవుడుబడితే ఆడు సెరపకూడదు పంతులమ్మా. గీసినోడే మళ్ళా కొట్టి సూసి, ఆడి సేత్తోనే సెరపాల. కెప్టెనొచ్చినా అంతే" అనేవారు. నేను కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. శబ్దతరంగాల మీద బోర్డు నిండా సమీకరణాలు రాసేదాన్ని గానీ, ఒక్క రేకు చప్పుడైనా చెవిపెట్టి వినలేదు. ఆయనే మా ఇంటి ఇనుప గేటు దగ్గర నన్ను నిలబెట్టి, ఒకచోటా ఇంకోచోటా తట్టి తేడా చూపించారు. "కళ్ళు మూసుకోమ్మా. రంగు సూత్తే సెవి పన్సెయ్యదు" అన్నారు.

సముద్రం పక్కనున్న మా ఊళ్ళో కారుకి రోగం ఇంజనులో ఉండదు, అడుగున ఉంటుంది. ఇంజను బాగు చేయించుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు. ఉప్పుగాలి నేలరేకుని తినేసిందంటే మాత్రం బండి పోయినట్టే. అమ్మేవాళ్ళు ఏం చేసేవారో తెలుసా? నూనెడబ్బా రేకు కత్తిరించి చిల్లుల మీద వేసి, తారు పూసి, పైన కొత్త కార్పెట్ పరిచి, చెమ్మవాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించేవారు. చూడ్డానికి అదేదో భక్తి! ఉక్కు ఫ్యాక్టరీకి పొలాలిచ్చిన రైతులు, టాక్సీ నడుపుకుని బతుకుదామని పరిహారం పట్టుకుని వస్తే, వాళ్ళకి అంటగట్టేది కూడా ఇలాంటి బళ్ళనే. భూమి పోయినవాడి చేతిలో పుచ్చిపోయిన బండి పెట్టడానికి వీళ్ళకి మనసెలా వచ్చింది? నూకరాజు గారికి సొంత కారు లేదు, ఉన్నది సైకిలే. అయినా ఎవరు పిలిచినా సుత్తీ సుద్దముక్కా సంచిలో వేసుకుని వెళ్ళేవారు. టీ తప్ప ఏమీ పుచ్చుకునేవారు కాదు. బండి అడుగున దూరి, అమ్మేవాడి ముందే సున్నాలు చుట్టేవారు. ఆయన సైకిలు కనిపిస్తే బ్రోకర్లు పళ్ళు నూరేవారు.

మావారు రైల్వేలో పనిచేసేవారు, వారంలో సగం రోజులు లైను మీదే. నేను వాణిని బడిలో దింపి, రెండు బస్సులు మారి కాలేజీకి చేరేదాన్ని. రెండేళ్ళు చీటీ కట్టి పాత అంబాసిడర్ ఒకటి కొనుక్కుందామనుకున్నాను. సీతమ్మధారలో ఒక రిటైర్డ్ ఆఫీసరు తన బండి అమ్ముతున్నారని తెలిసి నూకరాజు గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇస్త్రీ పంచె, గోడ నిండా ఇంగ్లీషు పుస్తకాలు. నాకు లోపల వెండిగ్లాసులో కాఫీ ఇచ్చారు, నూకరాజు గారికి మెట్ల మీద గాజుగ్లాసులో ఇచ్చారు. అది చూసైనా నాకు బుద్ధి రావలసింది. ఆయన సంచిలోంచి సుత్తి తీయగానే ఆఫీసరు గారి మొహం మాడిపోయింది. "ఏమిటమ్మా ఇది? నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "వద్దు బాబాయ్, బాగుండదు" అన్నాను. నూకరాజు గారు "నీ ఇట్టం పంతులమ్మా" అని సుత్తి సంచిలో పెట్టేశారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "అగరొత్తులెక్కువ ఎలిగించినారమ్మా" అన్నారు. ఆ వారమే డబ్బు కట్టి బండి తెచ్చుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు పెందుర్తి రోడ్డు మీద వెళ్తున్నాం. వెనక సీట్లో కూర్చున్న వాణి దేనికో లేచి నిలబడింది. మరుక్షణం కెవ్వుమంది. బండి ఆపి చూద్దును కదా, పిల్ల కుడికాలు మోకాలిదాకా నేలలోంచి కిందికి దిగిపోయి ఉంది. చెప్పు వెనక రోడ్డు మీద పడిపోయింది. గోతుల్లో మెల్లగా పోతున్నాం కాబట్టి పిక్క చీరుకుపోవడంతో సరిపోయింది. కార్పెట్ ఎత్తి చూస్తే కింద నూనెడబ్బా రేకు. దాని మీద వేరుశనగకాయ బొమ్మ చెక్కు చెదరలేదు. కుట్లు వేయించి, ఆ డబ్బారేకు పట్టుకుని తిన్నగా సీతమ్మధార వెళ్ళాను. ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేవకుండానే, "చూసుకునే కొన్నారు కదమ్మా. మీ మనిషి సుత్తి కూడా తెచ్చాడుగా" అన్నాడు. ఆ తర్వాత అతన్ని 'గారు' అని పిలవడం మానేశాను.

ఇంతవరకూ చెప్పడం తేలిక. నేలంతా కోసి కొత్త రేకు వేయించే స్తోమత నాకు లేదు. షెడ్డు మేస్త్రీ, "ఏటమ్మా అంత ఆలోసిత్తన్నారు? మళ్ళా డబ్బారేకేసి తారు కొట్టేత్తాను, అమ్మేయండి" అన్నాడు. నేను తలూపాను. కార్పెట్ అతనే తెచ్చాడు. అగరొత్తులు మాత్రం నేనే కొన్నాను.

కొనడానికి దేముడు అనే ఆయన వచ్చాడు. పొలం ఫ్యాక్టరీ కింద పోయిందట, టాక్సీ తిప్పుకుంటాడట. భార్యా, నాలుగేళ్ళ కూతురూ కూడా వచ్చారు. ఆ పిల్ల అప్పుడే వెనక సీటెక్కి ఎగురుతోంది. నేను బండి గొప్పలు చెబుతూ ఉండగా పక్క వాటాలోంచి నూకరాజు గారు సుత్తితో వచ్చారు. నన్ను అడగలేదు. పాపని కిందికి దింపి, అడుగున దూరి, టకటకా కొట్టి, ఐదు సున్నాలు చుట్టి బయటికొచ్చారు.

"ఏం చేస్తున్నారు బాబాయ్? ఇది నా బండి!" అన్నాను.

"నీదే పంతులమ్మా. మేస్త్రీ గాడు నీకు సెప్పకుండా డబ్బారేకేసీసినాడేమో అని."

"నాకు తెలుసు."

ఆయన మొహం నేను మరిచిపోలేను. "తెలిసేనా?" అన్నారు.

నాకు కోపం తన్నుకొచ్చింది. "నాకు జరిగినప్పుడు ఎవరు చెప్పారు? నేనొక్కదాన్నే ఎందుకు మునిగిపోవాలి?" అని వీధిలో నలుగురూ వినేలా అరిచాను.

"ఆ సీతమ్మధారోడి మీద కోపం ఈ గుంటపిల్ల మీద తీర్సుకుంతావేటమ్మా? వాణమ్మ కాలు దిగిపోయిన సోటే గదా ఇదీ కాలెడతాది" అన్నారాయన.

దేముడు కూతుర్ని ఎత్తుకుని, "వత్తామమ్మగారూ" అని వెళ్ళిపోయాడు. వాళ్ళు వీధి మలుపు తిరగగానే నేను తడిగుడ్డ తెచ్చి, నేల మీద పడుకుని, ఐదు సున్నాలూ తుడిచేశాను.

ఆ వారంలోనే, ఆయన గుడికి వెళ్ళిన సమయం చూసి, బండిని ఒక బ్రోకరుకి అప్పగించాను. పైజిల్లాకి పోతుందన్నాడు. ఎవరికని నేను అడగలేదు. కొన్నాళ్ళకి నూకరాజు గారు గుమ్మం దగ్గరకొచ్చి, "బండేటయినాది పంతులమ్మా?" అన్నారు. అమ్మేశానన్నాను. "సెప్పే అమ్మినావా?" అన్నారు. "చెప్పే అమ్మాను బాబాయ్" అన్నాను. ఎంత సంతోషించారో! "నా గీతలు నువ్వు సెరిపీసినావని శానా కోపమొచ్చినాది. సెప్పి అమ్మినావంటే ఇంక పరవానేదు" అని, ఇంట్లోకెళ్ళి వాణికి జీళ్ళు తెచ్చి ఇచ్చారు.

అప్పటినుంచి మొదలైంది నాకు శిక్ష. టీకొట్టు దగ్గరా, బండి చూడ్డానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆయన నా గురించే చెప్పేవారు. "మా పంతులమ్మని సూడండి. సొంత బండికి లోపముంటే ఉన్నదున్నట్టు సెప్పి అమ్మింది" అనేవారు. నేను వినబడే దూరంలో ఉంటే తలుపేసుకునేదాన్ని. ఏ రోజైనా వెళ్ళి, అబద్ధం చెప్పాను బాబాయ్ అనవచ్చు. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజూ అనలేదు. ఎనభైల చివర ఆయన పోయినప్పుడు వాళ్ళ పెద్దబ్బాయి, "ఎప్పుడూ మీ మాటే సెప్పీవోడమ్మా" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు కూడా అనలేదు.

షోరూములో ఆ కుర్రాడు వద్దంటున్నా కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టాను. రేకు మొద్దుగా పలికింది. పాఠాలు మానేసి చాలా ఏళ్ళయినా నా హ్యాండుబ్యాగులో ఇప్పటికీ సుద్దముక్క ఉంటుంది. తీసి సున్నా చుట్టాను. కుర్రాడు గుడ్డ పట్టుకొచ్చాడు. "ముట్టుకున్నావంటే ఊరుకోను! గీసినవాళ్ళే చెరపాలి" అని అరిచాను. హాలంతా ఇటు తిరిగింది. అరిచే హక్కు నాకుందా అన్నది వేరే సంగతి. వాణి నన్ను చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చింది.

ఆటోలో కూర్చున్నాక అది నవ్వింది. "నీకు చెల్లుతుందిలే అమ్మా. నా కాలు దిగబడిన బండిని కూడా చెప్పే అమ్మినదానివి. నూకరాజు తాత ఎన్నిసార్లు చెప్పేవాడో!" అంది.

ఇంటికొచ్చాక కాగితాలు తీసి ఇదంతా రాయడం మొదలుపెట్టాను. ఆ బండి ఏ ఊరు చేరిందో, ఎవరి పిల్ల దాని వెనక సీట్లో లేచి నిలబడిందో నాకు తెలియదు. ఇది ముందు వాణికే ఇస్తున్నాను, చదవమని.