పిండితో మూసిన కుండ

రాణిగారి భర్త పోయిన చలికాలంలోనే మా కెజియా మొగుడు సైలస్ కూడా పోయాడు. రాణిగారి భర్త కోసం లండన్ అంతా నల్లబట్టలు కట్టింది. రేవులో బస్తాల కింద నలిగి చనిపోయిన సైలస్ కోసం మా సందు చందాలేసుకుని కెజియాకి ఒక మర కొనిచ్చింది. ఉతికిన బట్టల్ని రెండు దిమ్మెల మధ్య నొక్కి చదును చేసే మర. బెత్నల్‌గ్రీన్‌లో మొగుడు పోయినదానికి మేం పెట్టే సారె అదే.

ఆ మర తిప్పుతూనే ఇద్దరు పిల్లల్ని సాకింది. ఎవరింట్లో కాన్పయినా, చావయినా పిలవకుండానే వచ్చి పనిలో దిగేది. తనకేదైనా పెట్టబోతే మాత్రం "ఇప్పుడే తిన్నాను" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఒక చలికాలం మరలో పడి చెయ్యి నలిగింది. తిండికి లేదని తెలిస్తే తల్లినొకవైపు, పిల్లల్నొకవైపు వేసే సర్కారువారి బీదల కొట్టం, వర్క్‌హౌస్‌కి తోలేస్తారు. అడిగితే, "దాచుకున్నది ఉందిలే" అంది. నమ్మాం. మా ఇళ్లల్లో మాంసం కాల్చే బట్టీలెక్కడివి? ఆదివారం అందరం మూత చుట్టూ పిండి మెత్తి, రొట్టెల జేబెజ్ బట్టీలో కుండలు పెట్టిస్తాం. కెజియా కూడా వారం తప్పకుండా తెచ్చేది, బరువుగా మోసుకుంటూ.

ఒక వారం జేబెజ్ పొరపాటున కుండలు మార్చేశాడు. ఇంటికొచ్చి మూత తీద్దును కదా, లోపల గుడ్డ చుట్టిన ఇటుక.

"ఎవరిదే ఇది?" అన్నాడు మా ఆయన నెడ్.

"కెజియాది. ఈ గుడ్డ సైలస్ చొక్కాది."

అంతలో తలుపు చప్పుడయింది. నా కుండ పట్టుకుని ఆవిడే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నెడ్ గబుక్కున బల్లకి అడ్డం నిలబడ్డాడు.

"డోర్కస్, కుండలు మారాయి. ఇందులో మీ మాంసం ఉంది. మేం ముట్టుకోలేదు."

"మారడమేమిటి? మాది మేం తినేశాం."

"తిన్నారా?"

"ఆఁ. కాస్త గట్టిగా ఉందనుకో."

"నాకింకా పళ్లలో ఇరుక్కునే ఉంది," అన్నాడు నెడ్.

ఆవిడ చేతిలోని కుండ వంక చూసింది. "అయితే ఇది మాదేనంటావా?"

"మీదే. చల్లారకముందే పిల్లలకి పెట్టు, పో."

ఆ పూట మేం రొట్టె, టీతో సరిపెట్టుకున్నాం. జేబెజ్ చెవిలో ఒక మాట వేశాను. అక్కణ్ణించి ఆయనకి పొరపాట్లు ఎక్కువయ్యాయి, వారానికొక ఇంటివాళ్ల కుండ కెజియాకి ఇచ్చేవాడు. పాపం, చూపు మందగించిందని సందంతా ఆయన మీద జాలిపడింది. కుండ తిరిగిమ్మని ఒక్కళ్లూ అడగలేదు. నా మనుషులు వాళ్లు, ఇప్పటికీ తలుచుకుంటే గుండె నిండుతుంది.

ఎండలు వచ్చేసరికి కెజియా చెయ్యి నయమైంది, మర మళ్లీ తిరిగింది. ఒక ఆదివారం బట్టీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. వాళ్లింట్లోనే ఉండిపోయిన నా కుండని బల్ల మీద పెట్టి, మూత తీసింది. నిండా మాంసం.

"తినండి డోర్కస్," అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి మెత్తగా ఉంటుంది."