తలంబ్రాల నిమిషం

నా పెళ్లి మొత్తాన్ని ఏడు వందల ఎంబీలకు కుదించిన రోజు నేను ఇంట్లో నేల మీద నడవలేదు. మూడు డీవీడీలు, ఒక్కోటి నాలుగు జీబీల పైమాటే. అంత పెళ్లినీ ఫోన్లో ఒక మూలకు పట్టేటట్టు చేశానంటే మాటలా? సూర్యాపేట బడిలో పిల్లలకు భాగహారం చెప్పడం వేరు, సొంత పెళ్లిని పద్దెనిమిదితో భాగించడం వేరు.

"చిన్నగ చేసినవ్ సరే, సూడొస్తదా?" అన్నాడు మా ఆయన. ఆయనకు ప్రతిదానిమీదా ఒక అనుమానం. జవాబు చెప్పకుండా ఫైలు తీసుకెళ్లి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

ఇదేదో సరదాకు చేసిన పని కాదు. మా తమ్ముడికి పెళ్లి కుదిరింది. మా నాన్న మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. కట్నం గురించి, కార్డు గురించి, వంటల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "మా అక్క రాకుంటె నేను పీటల మీద కూసోను" అని మాత్రం అన్నాడు. అని ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే ఇక ఆ మాటకు తిరుగు లేదని మా అందరికీ తెలుసు.

ఆ అక్క, అంటే మా మేనత్త, మిర్యాలగూడలో ఉంటుంది. పద్నాలుగేళ్లుగా మా గడప తొక్కలేదు. కోదాడ ఫంక్షన్ హాల్లో నా పెళ్లి జరిగిన రోజు మొదలైన అలక అది. అందరినీ స్టేజీ మీదికి పిలిచి అక్షింతలు వేయించారట, ఆమెను మాత్రం మెట్ల దగ్గరే నిలబెట్టారట. "ఇంటి ఆడబిడ్డను. నా మరదలు ఒక్క మాట పిలవలే" అని అందరితో చెప్పి, ఆ పూటే బస్సెక్కి వెళ్లిపోయింది. మా అమ్మ మాట అమ్మది. "ఆ డప్పుల సప్పుడుల నోటితోని పిలిస్తె ఇనబడతదా? చెయ్యి ఊపి పిలిసిన. అయినా ఎల్లిపోయింది, నేనేం చేతు?" చెయ్యి ఊపిందా, ఊపలేదా అన్న ఒక్క ముక్క మీద రెండిళ్ల మధ్య రాకపోకలు ఖతం అయ్యాయి. మంచికైనా చెడుకైనా మిర్యాలగూడకు నాన్న ఒక్కడే వెళ్లి వచ్చేవాడు.

డీవీడీ పెట్టి చూస్తే తేలిపోయేది కదా అంటారు. ఆ డిస్కులు మా చేతికి వచ్చేసరికి కోపాలు సలసల కాగుతున్నాయి, ఎవరికీ చూడబుద్ధి కాలేదు. తర్వాత ప్లేయరు చెడిపోయింది. డిస్కులు బీరువాలో పట్టుచీరల మధ్య పడి ఉన్నాయి. నాన్న ఆ మాట అన్న మర్నాడు నేను వాటిని బయటికి తీశాను. అమ్మ చెయ్యి ఊపిందని చూపిస్తే అత్తమ్మ ఇక మాట్లాడలేదు, పెళ్లికి రాక తప్పదు. నేను గెలిచే పని అనిపిస్తే నాకు ఆకలి కూడా వేయదు.

లాప్‌టాప్‌కు తగిలించుకునే డీవీడీ డ్రైవు ఒకటి తెప్పించాను. మొదటి రెండు డిస్కులు సాఫీగా కాపీ అయ్యాయి. తలంబ్రాలు, అక్షింతలు ఉన్న మూడోది మాత్రం సరిగ్గా అక్కడికి వచ్చేసరికి కర్ర్ కర్ర్‌మని మొరాయించింది. మెత్తటి గుడ్డ తడిపి, మధ్య నుంచి అంచుకు తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తుడిచి, నాలుగో సారికి లొంగదీశాను. ఆ తర్వాత, తీరిగ్గా చూడనైనా చూడకుండా, ఏడు వందల ఎంబీల ఘనకార్యం.

గ్రూపులో మొదటి జవాబు అత్తమ్మ కోడలి నుంచి వచ్చింది. "అక్కా, మస్తుంది. కాని తలంబ్రాల కాడ అన్నీ ఇటుకలే కనబడుతున్నయి."

పోయి చూస్తే నిజమే. మంగళసూత్రం దాకా బాగానే ఉంది. తలంబ్రాలు మొదలుకాగానే బొమ్మంతా పగిలి గళ్లు గళ్లు అయిపోయింది. నా ముఖం మూడు గళ్లు, మా ఆయన ముఖం నాలుగు గళ్లు. వెనకాల మెట్లవైపు నిలబడ్డ అమ్మ ఆకుపచ్చ చీర ఒక గడి. ఆ రోజు మా ఇంటికొచ్చిన అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చూసి, "ఏదే నా చెయ్యి?" అంది. ఆ అడగడంలో ఉన్న బెంగ చూసి నాకు ఎవరి మీదో తెలియనంత కోపం వచ్చింది. ఆ ఎవరో నేనే. చిన్నగా చేయడమే గొప్ప అనుకుని, చూడాల్సిన దాన్నే మింగేశాను.

కోపంలో చేసిన పని ఎప్పుడూ రెండో తప్పే అవుతుంది నాకు. ఈసారి సాఫ్ట్‌వేరులో అంకెలన్నిటినీ పై అంచుకు నెట్టాను. మధ్యాహ్నం మొదలుపెడితే లాప్‌టాప్ సాయంత్రం దాకా పెనంలా కాలింది. వచ్చిన ఫైలు అసలు డీవీడీ కంటే పెద్దది! బొమ్మ మాత్రం డీవీడీలో ఉన్నంతే, వెంట్రుకవాసి కూడా మెరుగుపడలేదు. పైగా అమ్మ దగ్గర, ఆడిస్తే రెప్పపాటులో దాటిపోతోంది, ఆపి చూస్తే చెయ్యి ఉండాల్సిన చోట దువ్వెన పళ్లలా అడ్డగీతలు. డిస్కులో లేనిది నా కంప్యూటరు ఎక్కడి నుంచి తెస్తుంది? పిల్లవాడు రాయని జవాబుకు నేను మార్కులు వేయగలనా? ఈ మాత్రం ముందే తట్టనందుకు నన్ను నేనే బెత్తంతో కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం కోదాడ బస్సెక్కాను. నా పెళ్లి వీడియో తీసినాయన స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మొబైళ్ల దుకాణం ఉంది, నడిపేది ఆయనే. తలంతా నెరిసింది. అసలు టేపు ఉందా అని అడిగితే నవ్వాడు.

"ఎక్కడిదమ్మా, అవి అప్పుడే తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేసేవాళ్లం. మీ దగ్గరున్న డిస్కే ఇక అసలుది, దాన్ని దేవుడి పటంలా దాచుకోండి."

నా గోడు విని లాప్‌టాప్ తెరవమన్నాడు. తలంబ్రాల దగ్గర గళ్లు చూసి పాత శత్రువును చూసినట్టు తల ఊపాడు.

"మా ప్రాణం తీసింది ఈ తలంబ్రాలేనండీ. వీడియో అంటే ప్రతి బొమ్మా మొత్తం రాయదు, ముందు బొమ్మకీ దీనికీ ఏం మారిందో అదే రాస్తుంది. పంతులుగారు కూర్చుని మంత్రం చదువుతుంటే ఏముంది మారేది? పెదాలు. అదే తలంబ్రాలైతే ప్రతి గింజా కదులుతుంది, దానికి తోడు ఆ థర్మాకోల్ పూసలు. అన్నీ రాయాలంటే మీరిచ్చిన చోటు చాలదు. చాలక ఇలా గళ్లు పెట్టేస్తుంది."

"మరి ఎంత చోటియ్యాలె?"

"సైజు మీరు చెప్పకండి. నాణ్యత చెప్పండి, సైజు అదే తేల్చుకుంటుంది. మంత్రాల దగ్గర పొదుపు చేసి తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది."

ఇంట్లో సంసారం నడిపే ఆడదానికి ఈ సంగతి ఒకరు చెప్పాలా అనిపించి సిగ్గేసింది. అడ్డగీతల మర్మం కూడా ఆయనే విప్పాడు. పాత కెమెరాల్లో ఒక్కో బొమ్మ నిజానికి రెండు సగం బొమ్మలట, సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఆ తర్వాతి క్షణానివి. రెంటినీ కలిపి ఆపితే చెయ్యి దువ్వెన అవుతుంది. విడదీస్తే సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు కాస్తా యాభై అవుతాయి. సరి, బేసి అనగానే నా లెక్కల ప్రాణం లేచి కూర్చుంది. ఆయన పెట్టిన టీ సగంలో వదిలేసి బస్టాండుకు పరిగెత్తాను.

ఇంటికొచ్చి మూడు గంటల పెళ్లిని పక్కన పెట్టి, తలంబ్రాల నిమిషాన్ని ఒక్కదాన్నే కోసి తీశాను. ఈ నిమిషం బతికితే పెళ్లంతా బతుకుతుంది. నాణ్యతకు ఒక అంకె ఉంది, అది తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు, ఫైలు బరువు. ఇరవై ఎనిమిది దగ్గర గళ్లు పోయి మంచు కమ్మినట్టు అయ్యింది. ఇరవై నాలుగు దగ్గర బియ్యం వేరు, పూసలు వేరు అయ్యాయి. ఇరవై రెండు దగ్గర అమ్మ ముఖం అమ్మది అయ్యింది. ఇరవై దగ్గర ఆమె గాజులు కూడా కనిపించాయి. పద్దెనిమిదీ చూశాను, బరువు పెరిగింది తప్ప కొత్తగా ఏదీ కనబడలేదు. ఇరవై దగ్గర గట్టిగా గీత గీశాను. మొత్తం పెళ్లి, డీవీడీల్లో సగం కంటే తక్కువ చోటులో, గింజ గింజతో సహా! నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ అంత సంతోషం కలగలేదు.

అమ్మ దగ్గర ఆపాను. అప్పట్లో వీడియోవాళ్లకు ముచ్చటైన ఎగిరే గులాబీ ఒకటి అమ్మ ముఖం మీదుగా పోయింది. అది పోగానే ఒక్కో బొమ్మ జరిపాను. అమ్మ చెయ్యి లేచింది. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి. రెండుసార్లు. పిలిచింది! మా అమ్మ పిలిచింది! నేను పెట్టిన కేకకు మా ఆయన వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చాడు.

"సూడు, ఊపిందా లేదా?"

"ఊపింది. ఇంకా ముందుకు పోనియ్యి" అన్నాడాయన.

పోనిచ్చాను. అత్తమ్మ మెట్లెక్కింది. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని నవ్వుతూ నా పక్కకు వచ్చింది. నా తల మీదికి చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే నేను, మా ఆయన పళ్లెం ఖాళీ అయ్యేలోపు నా పళ్లెం ఖాళీ చేయాలన్న పంతంలో, మోచెయ్యి విసురుగా వెనక్కి లాగాను. అది ఆమె మణికట్టుకు తగిలింది. అక్షింతలు కింద పడ్డాయి. నేను వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు, నవ్వుతూ ఇంకో దోసెడు పోశాను. అత్తమ్మ ఒక్క క్షణం ఖాళీ గుప్పిట వైపు చూసుకుని, మెల్లగా మెట్లు దిగిపోయింది. స్టేజీ మీద ఎవరూ గమనించలేదు.

అదంతా కలిపి మూడు సెకన్లు. నూట యాభై బొమ్మలు. ఒక్కటి కూడా మసకగా లేదు.

మా ఆయన గరిటె పక్కన పెట్టి, "చెయ్యి ఊపిన కాడి దాక కట్ చేసి పంపు. అయిపాయె" అన్నాడు. అన్యాయం చెప్పలేదు, గెలిచే దారి అదే. నా వేలు మీట మీదికి వెళ్లింది కూడా. కానీ ఇన్ని రోజులు తిండి మానేసి బాగుచేసిన బొమ్మను అబద్ధం చెప్పడానికి వాడడం నా వల్ల కాలేదు. మొత్తం పెన్‌డ్రైవులో వేసుకుని మర్నాడే మిర్యాలగూడ బస్సెక్కాను.

అత్తమ్మ నన్ను చూసి "తిన్నవా?" అంది. ఆ ఇంట్లో ఎవరొచ్చినా మొదటి మాట అదే. నేను తినకుండానే టీవీకి పెన్‌డ్రైవు పెట్టాను. అమ్మ చెయ్యి ఊపింది. అత్తమ్మ కదల్లేదు. ఆమె మెట్లెక్కింది, చెయ్యి చాపింది, నా మోచెయ్యి తగిలింది, అక్షింతలు పడ్డాయి. ఆపేశాను. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "తప్పు నాదే అత్తమ్మా, అమ్మది కాదు, నాకు ఇప్పటిదాక తెల్వదు" అని ఏడ్చేశాను.

"నాకు ఎరుకే బిడ్డా" అంది ఆమె.

ఎరుకేమిటని తల ఎత్తాను.

"తగిలింది నా చెయ్యికే కద, నాకు ఎరుక ఉండదా? గని పీటల మీద ఉన్న పిల్లనెట్లంటం? అక్షింతలు కింద పడ్డయంటె మీ అత్తగారోళ్లు ఏమనుకుంటరు? కొత్తగ ఇంకో ఇంటికి పోతున్నవ్. ఏమైందని అడిగితె మా మరదలు పిలవలేదన్న. మేమిద్దరం ఎప్పుడూ కొట్లాడుకునేటోళ్లమే గద, నాలుగు రోజులైతె సల్లబడతది అనుకున్న. గింత దూరం పోతదని అనుకోలే. మీ అమ్మకూ పంతమే, నాకూ పంతమే."

పద్నాలుగేళ్లు. నా కాపురానికి ఒక మాట రాకూడదని, పుట్టింటిని వదులుకుని కూర్చుంది. నేను మాత్రం ఆమె ఓడిపోవాలని వారాల తరబడి లెక్కలు వేశాను. ఫోన్ తీసి అమ్మకు చేసి, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పాను. అంతా విని అమ్మ, "ఫోను వదినకియ్యి" అంది.

స్పీకరు పెట్టి ఇచ్చాను. మొదట ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. చిన్నప్పటి నుంచీ నాకు ఓపిక లేదని ఈమె, ఆ పంతం మీ తమ్ముడి పోలికే అని అటునుంచి అమ్మ. ఆ తిట్లు వింటూ అత్తమ్మ వడ్డించిన అన్నం తిన్నాను, చాలా రోజులకు నాకు ఆకలి తెలిసింది. మధ్యలో పెళ్లి కబుర్లలోకి దిగారు, పసుపు దంచేది ఎవరు, ఏ రోజు రావాలి అని.

వాళ్ల మాటలు తెగేటట్టు లేవని, కోడలి ఫోన్ అడిగి తీసుకుని నాన్నకు చేశాను.

"నాన్నా, అత్తమ్మ వస్తున్నది."

నాన్న గొంతు సవరించుకుని, "ఏ బస్సుకు?" అన్నాడు.