అందరికీ క్లోరైడే

ఆ రోజుల్లో నాకు తెలిసిన నీళ్లు రెండే రకాలు: వచ్చేవి, రానివి. కంటికి తేటగా ఉంటే చాలు, అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. ఆ అజ్ఞానంతోనే ఇంటర్ రెండో ఏడాదిలో ఒక శుక్రవారం సాయంత్రం మా కాలేజీ ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ నిండా బోరు నీళ్లు పట్టి పెట్టాను. తప్పు అదొక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. మరుసటి రోజు చేసింది ఇంకా పెద్దది. చదివేవాళ్లు మంచివాళ్లని నమ్మి రెండూ ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

మాది అనంతపురంలో ఒక మోస్తరు జూనియర్ కాలేజీ. అక్కడ ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడం, పరీక్షనాడు దేవుడికి దండం పెట్టుకోవడం. కెమిస్ట్రీ మేడమ్ వచ్చాక ఆ ఆచారం చెడింది. "రేపు డిగ్రీలో చేరినాక పిపెట్ పట్టుకోవాలంటే చేతులు వణుకుతాయి. ఆ వణుకేదో ఈడనే వణికేయండి" అని ప్రతి శనివారం మధ్యాహ్నం మమ్మల్ని ల్యాబులోకి తోలేవారు. పేరులేని పొడి చేతిలో పెట్టి, ఇదేం ఉప్పో కనుక్కోమనేవారు. (ఉప్పంటే పప్పులో వేసేదొకటే అనుకునే మాకు, లోకంలో ఇన్ని ఉప్పులున్నాయని తెలియడమే పెద్ద చదువు.) తప్పు చెబితే తిట్టేవారు కాదు, "ఎందుకు తప్పిందో చెప్పు" అనేవారు. తిట్టించుకోవడమే సుఖం. పుస్తకంలో లేని సంగతులు కూడా చాలా చెప్పేవారు. "ఫలితం మీద అనుమానమొస్తే ఉప్పు వేయకుండా ఒట్టి నీళ్లకే పరీక్ష చేసి చూడండి. దాన్ని బ్లాంక్ అంటారు" అన్నది అందులో ఒకటి. అది నాకు ఎలా పనికొస్తుందో అప్పటికి తెలియదు.

ప్రిన్సిపాల్ సారుకు ఈ వ్యవహారం గిట్టేది కాదు. "ఏం మేడమ్, గాజు గొట్టాలు కడిగితే ర్యాంకులొస్తాయా? ఆ టైములో బిట్లు రుద్దించండి" అనేవారు. వాదించి వాదించి చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. డిగ్రీ కాలేజీ నుంచి ఒక సారు వచ్చి మా పని చూస్తారు. ఉప్పులు సరిగ్గా చెబితే శనివారం క్లాసు ఉంటుంది. లేకపోతే బిట్లకు పోతుంది.

ఆ సారు వచ్చే ముందురోజు సాయంత్రం టెస్ట్‌ట్యూబులు కడిగే పని నాకూ, నా స్నేహితుడు మడకశిరోడికీ పడింది. ల్యాబ్ అటెండర్‌ని మేమంతా సీసాలన్న అనేవాళ్లం. ఆయన తాళంచెవి మా చేతిలో పెట్టి, "జాగ్రత్తరా, పోయేటప్పుడు తాళమేసి చెవి ఆఫీసులో ఇచ్చి పోండి" అని బస్సుకు వెళ్లిపోయాడు. అప్పుడు మడకశిరోడికి బుద్ధి పుట్టింది.

"రేయ్, మన హాస్టల్ టీ మీద అట్ట కడ్తాది కదా, అదంతా బోరు నీళ్ల పాపం. ఈ డిస్టిల్డ్ నీళ్లతో కాస్తే ఎట్లుంటాదంటావ్?"

"యోవ్, మేడమ్‌కు తెలిస్తే చంపేస్తాది."

"చక్కెర, టీ పొడి నా జేబులో ఉండాయి. పాల ప్యాకెట్‌కు దుడ్లు నువ్వు తీయి."

విజ్ఞానశాస్త్రం ఇలాంటి ప్రశ్నలతోనే ముందుకు పోతుంది. కొత్త బీకరు తీసి, బర్నర్ మీద పెట్టి, టీ కాచాం. (కొత్త బీకరే, భయపడకండి.) ఆ రంగు, ఆ వాసన! అట్ట లేదు, ఉప్పదనం లేదు. రుచి మరిగి ఇంకో బీకరు, హాస్టల్‌లో స్నేహితులకని ఫ్లాస్కు నిండా మరొకటి. చూస్తే, అసలే అడుగంటిన క్యాన్ కాస్తా ఖాళీ. మా ల్యాబుకు ఆ నీళ్లు బస్టాండు దగ్గర బ్యాటరీల అంగట్లోంచి రావాలి, ఆ వేళకు అది మూసేసి ఉంటుంది. "నీళ్లు నీళ్లేలేప్పా" అని నేనే కుళాయి తిప్పాను.

శనివారం డిగ్రీ సారు వచ్చారు. తెల్ల చొక్కా, మెల్లని మాట. ప్రిన్సిపాల్ సారు చేతులు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. ఒక్కో జట్టుకు ఒక్కో ఉప్పు ఇచ్చారు. అందరం క్యాన్‌లోంచి నీళ్లు పట్టుకుని, ఉప్పు కరిగించి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాం. తెల్లగా, పెరుగు విరిగినట్టు దిగింది; అలా దిగితే క్లోరైడని గుర్తు. మొదటి జట్టు "క్లోరైడ్ సార్" అంది. రెండో జట్టూ అదే. మూడోదీ అదే. నీళ్లు కలపకముందు చేసిన పొడి పరీక్షల్లో వేరే సూచనలు కనబడ్డవాళ్లు కూడా ఆ తెలుపు చూశాక క్లోరైడ్‌కే ఓటేశారు. డిగ్రీ సారు చీటీ చూసుకుని, "ఇచ్చినవాటిలో ఒక్కటే క్లోరైడు" అన్నారు. ప్రిన్సిపాల్ సారు దగ్గారు. అందులో బిట్ల చప్పుడు వినిపించింది. మేడమ్ మొహంలో రంగు పోయింది. పిల్లలు తప్పు చెప్పినందుకు కాదు, ఎందుకు తప్పిందో తనకే తెలియనందుకు.

మడకశిరోడు నా చెవిలో, "లేయ్, మన టీనే ఇది" అన్నాడు. మేడమ్ చెప్పిన బ్లాంక్ గుర్తొచ్చింది. ఒప్పుకునే ధైర్యం లేదు, ఊరుకునే మనసు లేదు. లేచి, ఉప్పేమీ వేయకుండా క్యాన్‌లోని నీళ్లే గొట్టంలో పోసి, చుక్కలు వేశాను. అదే తెలుపు. గొట్టం పైకెత్తి, "సార్, క్లోరైడ్ ఉప్పులో లేదు, నీళ్లలో ఉండాది" అన్నాను.

డిగ్రీ సారు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. "భేష్! మా రెండో సంవత్సరం పిల్లోళ్లకు కూడా తట్టదు ఇది. మేడమ్, మీ క్లాసు ఆపొద్దు" అన్నారు. ల్యాబంతా చప్పట్లు. మేడమ్ నా వైపు చూసి నవ్విన నవ్వు ఏ పరీక్షలోనూ రాని మార్కు. నేను తల వంచుకుని వినయం నటించాను. ఇంతలో ప్రిన్సిపాల్ సారు సీసాలన్నను పిలిచి, అందరి ముందూ, "క్యాన్‌లో ఏం నీళ్లు పోసినావయ్యా? కళ్లు యాడ పెట్టినావు?" అని గద్దించారు. "నేను పోయలే సార్..." అన్న ఆయన మాట చప్పట్లలో కలిసిపోయింది. నేను నోరు విప్పలేదు. పెద్ద తప్పు అదే.

ఆదివారమంతా అన్నం సహించలేదు. సోమవారం పొద్దున్నే మేడమ్‌కు చెప్పాను. ఆమె దిద్దుతున్న రికార్డు మూసి విన్నారు. తర్వాత, "నాకు చెప్తే చాలదు. మాట పడినాయన వేరే ఉన్నాడు" అన్నారు. సీసాలన్ననూ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయి మొత్తం కక్కేశాను, మడకశిరోడి పేరు తప్ప. (వాడే వెనకనుంచి వచ్చి, "పాల ప్యాకెట్ తెచ్చింది నేనే సార్" అన్నాడు.) సీసాలన్న మాత్రం కరగలేదు. "తిట్లు నాకు కొత్త కాదప్పా. నీకు చెవి ఇచ్చింది నమ్మి కదా?" అన్నాడు. ఆ ఏడాది చివరిదాకా బ్యాటరీల అంగడి నుంచి నీళ్ల క్యాన్ సైకిల్ మీద నేనే మోశాను. ఆ ఎండల్లో, కళ్లముందే అన్ని నీళ్లుండీ గుక్కెడు తాగకుండా తేవడం ఎంత తపస్సో మా ఊరివాళ్లకే తెలుస్తుంది. ఎప్పటికో ఒకరోజు సీసాలన్న తాళంచెవి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

డిగ్రీలో చేరిన మొదటి ప్రాక్టికల్‌కు నా చెయ్యి వణకలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాకే వణికింది. ఆ తెల్ల చొక్కా సారే. "నువ్వు ఆ బ్లాంక్ పిల్లోడివి కదా! వీణ్ణి చూసి నేర్చుకోండి" అని క్లాసుకు చూపించబోయారు. అప్పుడిక నిలవలేక, అందరూ వింటుండగానే టీ సంగతితో సహా చెప్పేశాను. క్లాసు పగలబడి నవ్వింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు నేనన్న భేష్ వెనక్కి తీసుకుంటాండా" అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సగమే. పరీక్ష చేసింది నువ్వే కదా" అన్నారు.

మిగిలిన ఆ సగం భేష్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గొట్టం పైకెత్తి గొప్ప పోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి, వాణ్ణి మాత్రం పూర్తిగా తిట్టలేను.